యజమాని మంచితనం

మంచి యజమాని అనేవాడు వుండటం సాధ్యమేనా? ఈ ప్రశ్నకు మనలో చాలామంది దగ్గర జవాబు ముందే సిద్ధంగా వుంటుంది. యజమాని ఔదార్యం వట్టి వేషమనీ, శ్రామికుణ్ణి నిద్రపుచ్చటానికి పాడే జోలపాట అనీ అంటాం. నేనూ అనేక సభల్లో అలాగే మాట్లాడాను. నిరుడు మా కాలేజీలో జరిగిన ఒక గోష్ఠిలో ఈ మాటే అన్నప్పుడు బి.యస్సీ. చదివే కుర్రవాడొకడు లేచి, "అయితే మాస్టారూ, అలాంటి యజమానివల్ల మేలు పొందినవాడు ఆయనకు ఋణపడివున్నట్టా, లేనట్టా?" అని అడిగాడు. నా సంగతి తెలిసి అడగలేదు వాడు. కాని నాకు నోట మాట రాలేదు.

నా తండ్రి ఒక మిల్లులో ఫిట్టరుగా పనిచేశాడు. ఆ మిల్లు పేరు ఇక్కడ అనవసరం. యజమాని కుటుంబం కార్మికులకు క్వార్టర్సు కట్టించింది, బడి పెట్టింది, వీధుల వెంట వేపచెట్లు నాటించి నీళ్ళు పోయించింది. నేను ఎం.ఏ. తెలుగు పూర్తిచేసేదాకా ఫీజులు ఆ కుటుంబమే కట్టింది. ఆ తర్వాత పెద్దాయన పోయాడు. కొడుకులు మిల్లు అమ్మేశారు. కొన్నవాళ్ళు మూడునెలల్లో ఇళ్ళు ఖాళీచెయ్యమని నోటీసులిచ్చారు. పెద్దాయన ఫొటో ఈనాటికీ మా యింటి గోడమీద వుంది. దాన్ని దించమని నేను నాన్నతో అనలేను. దానికి దండవేయటానికీ నాకు చేతులు రావు.

అయితే సొంత యింటి అనుభవంమీద సిద్ధాంతం కట్టటం తగదు. ఒక వాదం నిలుస్తుందో లేదో చూడాలంటే దానికి ఎదురుతిరిగే ఉదాహరణల్లో అన్నిటికన్న బలమైనదాన్ని తీసుకోవాలి. పీడించే యజమాని సంగతి తేల్చటానికి తర్కంతో పనిలేదు. అంచేత నూటయాభై ఏళ్ళకు పైగా మంచి యజమానులని పేరుపడ్డ ఇంగ్లండులోని క్యాడ్‌బరీ కుటుంబాన్ని తీసుకుంటాను.

జాన్ క్యాడ్‌బరీ 1824లో బర్మింగ్‌హామ్‌లో టీ, కాఫీ, కోకో అమ్మే దుకాణం తెరిచాడు. ఆయన క్వేకరు. యుద్ధాన్నీ, బానిసత్వాన్నీ, తాగుడునూ వ్యతిరేకించిన క్రైస్తవశాఖ అది. కొడుకులు రిచర్డ్, జార్జి 1861లో వ్యాపారం చేతికి తీసుకున్నారు. 1879లో ఫ్యాక్టరీని పట్నపు పొగలోంచి నాలుగుమైళ్ళ అవతలి పొలాలమధ్యకు మార్చారు. మనకు చాక్లెట్ కాగితంమీద కనిపించే బోర్న్‌విల్ అనే పేరు ఆ చోటిదే. 1895లో జార్జి అక్కడ ఇళ్ళు కట్టించటం మొదలుపెట్టాడు. ఇల్లు స్థలంలో నాలుగోవంతుకు మించి ఆక్రమించరాదన్నాడు. ప్రతి యింటికీ తోట, తోటలో పండ్లచెట్లు, ఊళ్ళో పదోవంతు నేల పార్కులకు. పర్యావరణమనే మాట అప్పటికి ఇంత ప్రచారంలో లేదుగాని, పనిచేసేవాడికి గాలీ వెలుతురూ పచ్చదనమూ కావాలన్న ఎరుక ఆయనకు నిండుగా వుంది. ఫ్యాక్టరీలో ఈతకొలను, ఆటస్థలాలు, శనివారం సగంపూట సెలవు, 1906లో మగకార్మికులకు పింఛనునిధి, 1918లో ఎన్నికైన కార్మిక ప్రతినిధులతో కౌన్సిళ్ళు వచ్చాయి.

ఇదంతా వేషమంటే నేను నమ్మను. వేషం అంతకాలం వెయ్యలేరు. ఆ రోజుల్లో బర్మింగ్‌హామ్ మురికిపేటల్లో పిల్లలు ఎలా రాలిపోయారో తెలిసినవాడికి, బోర్న్‌విల్ తోటలో ఆపిల్‌చెట్టుకింద ఆడుకున్న పిల్లవాడి ఆరోగ్యం బూటకంగా కనిపించదు.

ఐతే ఆ మంచితనానికి ఒక స్వభావం వుంది. బోర్న్‌విల్‌లో సారాదుకాణం వుండకూడదని నిర్ణయించింది యజమాని. ఆడపిల్లలూ మగవాళ్ళూ వేరువేరు దారుల్లో రావాలని నిర్ణయించిందీ, పెళ్ళైన ఆడది ఉద్యోగం మానుకోవాలని నిర్ణయించిందీ యజమానే. తాగకపోవటం మంచిదే. కాని తన మంచి ఏదో తాను నిర్ణయించుకునే హక్కు ఎదుటివాడి దగ్గరుంటే, ఆ మంచిలో లోటొకటి మిగిలిపోతుంది. రాబర్ట్ ఓవెన్ దీన్ని అంతకు చాలాముందే గ్రహించాడు. 1800లో న్యూలానార్క్ మిల్లు నిర్వహణ చేపట్టి, ఆనాటి యూరపు ఆశ్చర్యపడేటంతగా కార్మికుల జీవితాన్ని బాగుచేసి కూడా, ఆ జనం తన దయమీద ఆధారపడ్డ బానిసలేనని ఒప్పుకున్నాడు. 1872లో ఎంగెల్స్ గృహసమస్యమీద రాసిన వ్యాసాల్లో యజమాని కట్టించే ఇళ్ళను శంకించిందీ ఇందుకే. ఇల్లూ ఉద్యోగమూ ఒకడి చేతిలో వున్నప్పుడు సమ్మెకు దిగినవాడు జీతంతోపాటు నీడా పోగొట్టుకుంటాడు. (జార్జి క్యాడ్‌బరీ బోర్న్‌విల్ ఇళ్ళను తన పనివాళ్ళకే పరిమితం చెయ్యలేదన్న సంగతి న్యాయంకోసం చెప్పాలి.)

ఇంతకన్న బరువైన విషయం బోర్న్‌విల్‌లో లేదు. అది ఆఫ్రికా తీరాన వుంది.

ఇరవయ్యో శతాబ్దపు మొదట్లో క్యాడ్‌బరీలు వాడే కోకోగింజల్లో సుమారు సగం పోర్చుగల్ ఏలుబడిలోని సావోటోమే, ప్రిన్సిపె దీవులనుంచి వచ్చేవి. అక్కడి తోటల్లో పనిచేసినవాళ్ళు అంగోలానుంచి తెచ్చిన నల్లజాతి కూలీలు. కాగితంమీద వాళ్ళది అయిదేళ్ళ ఒప్పందం. అయిదేళ్ళు గడిచాక ఇంటికి తిరిగివెళ్ళినవాళ్ళు దాదాపు లేరు. 1901లో విలియం క్యాడ్‌బరీ (జార్జికి అన్నకొడుకు) ఒక తోట అమ్మకపు జాబితా చూశాడు. అందులో చెట్లతోపాటు, పశువులతోపాటు మనుషులకూ వెలకట్టి ఆస్తిగా చూపించారు.

బానిసత్వ వ్యతిరేక సంఘానికి చందాలిచ్చే కుటుంబం అది. అదే 1901లో జార్జి 'డైలీ న్యూస్' పత్రికను చేజిక్కించుకుని బోయర్ యుద్ధాన్ని వ్యతిరేకిస్తున్నాడు. ఆ తర్వాత దక్షిణాఫ్రికా గనుల్లో చైనా కూలీల ఒప్పందాలను ఆ పత్రిక తీవ్రంగా ఖండించింది. మరి సావోటోమే సంగతి? 1903లో విలియం లిస్బన్ వెళ్ళి వాకబుచేశాడు. 1905లో జోసెఫ్ బర్ట్ అనే ఆయనను విచారణకు పంపారు. ఆయన ముందు పోర్చుగీసు నేర్చుకుని, దీవుల్లోనూ అంగోలాలోనూ తిరిగి, 1907లో వచ్చి ఇది బానిసత్వమేనని నివేదిక ఇచ్చాడు. ఈలోగా 1906లో హెన్రీ నెవిన్సన్ అనే పత్రికారచయిత అదే విషయంమీద పుస్తకమే వేశాడు. 1908లో విలియం స్వయంగా వెళ్ళివచ్చాడు. చివరికి 1909 మార్చిలో సావోటోమే కోకో కొనటం మానేశారు. జాబితా చూసిన నాటినుంచి ఎనిమిదేళ్ళు. ఆ ఎనిమిదేళ్ళూ గింజలు వస్తూనే వున్నాయి.

1908లో 'స్టాండర్డ్' పత్రిక ఈ ద్వంద్వనీతిని ఎత్తిచూపితే క్యాడ్‌బరీలు పరువునష్టం దావా వేశారు. 1909 డిసెంబరులో బర్మింగ్‌హామ్ జూరీ వాళ్ళు గెలిచారన్నది. నష్టపరిహారం మాత్రం ఒక ఫార్దింగ్, అంటే పెన్నీలో నాలుగోవంతు, ఇవ్వమన్నది. వాళ్ళ పరువుకు సొంత ఊరివాళ్ళు కట్టిన ఖరీదు అది.

నన్ను కలవరపెట్టేది ఆ ఎనిమిదేళ్ళ ఆలస్యం. క్యాడ్‌బరీలు దొంగలై వుంటే సమస్యే లేదు. వాళ్ళ వాదన నిజాయితీగానే కనిపిస్తుంది: కొనటం మానేస్తే పోర్చుగల్‌మీద మనకున్న పలుకుబడి పోతుంది, కొంటూనే ఒత్తిడి తెద్దాం అన్నారు. ఇటువంటి తర్కం చెడ్డవాడికి అవసరం లేదు, మంచివాడికే కావాలి. బోర్న్‌విల్‌లో ఒక ఆడపిల్ల యంత్రంలో వేలు నలిగించుకుంటే జార్జి ఎనిమిదేళ్ళు విచారణ చేయించేవాడా? ఆ పిల్ల ఆయన కంటిముందు వుంది, ఆమె తండ్రి పేరు ఆయనకు తెలుసు. అంగోలా మనిషి కోకోమూటగా మాత్రమే ఆయన గుమ్మం చేరాడు. యజమాని అంతరాత్మ ఎంత సున్నితమైనదైనా అది యజమాని కళ్ళతోనే చూస్తుంది. కింద వున్నవాడు తనంత తాను మాట్లాడగలిగితే తప్ప ఆ చూపుకు అవతల వున్నదేదీ సకాలంలో కనిపించదు.

ఆ అవతలి చోటు ఈనాటికీ పోలేదు. సావోటోమే మానేశాక కొనుగోళ్ళు గోల్డ్‌కోస్టుకు, అంటే నేటి ఘనాకు, మళ్ళాయి. ఘనా, ఐవరీకోస్టు దేశాల కోకోతోటల్లో 15.6 లక్షలమంది బాలకార్మికులున్నారని షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన ఎన్.ఓ.ఆర్.సి. సంస్థ 2020లో తేల్చింది. కోకోకోసం ఆ దేశాల అడవులెన్నో నేలకూలాయి. ఇక్కడి పండ్లతోటకూ అక్కడి నరికిన అడవికీ లెక్క ఒకే పుస్తకంలో రాయాలిగదా! మన గోదావరి జిల్లాల్లో కొబ్బరితోటల నీడన కోకో వేసిన రైతుకూ ఈ కథలో చోటుంది. 2024లో టన్ను 10,000 డాలర్లు దాటిన ధర ఆ తర్వాత దిగజారింది. ఎక్కినప్పుడుగాని దిగినప్పుడుగాని లండన్, న్యూయార్క్ బజార్లు ఆ రైతును అడగలేదు.

ఇక దానం సంగతి. పోతన భాగవతంలోని బలిచక్రవర్తి ఘట్టం మనం క్లాసుల్లో పరవశించి చెపుతాం. అడిగే విష్ణువు చెయ్యి కిందా, ఇచ్చే తన చెయ్యి పైనా వుండటమే గొప్పనుకుని బలి గురువు మాటకూడా కాదన్నాడు. అందరి చూపూ ఆ పైచేతిమీదే. కిందిచెయ్యి విష్ణువుది గనక దానికి చిన్నతనం లేదు. తరతరాలుగా చెయ్యి కిందపెట్టి బతికినవాడికి ఆ ఘట్టం ఎలా వినిపిస్తుందో నేను చాలాకాలం ఆలోచించలేదు. కాని ఆ కథలోనే ఇంకొక మాట వుంది. దానం నీళ్ళు ధారపోస్తేగాని పూర్తికాదు. ధారపోశాక దాతకు దానిమీద హక్కు లేదు. శుక్రుడు కమండలం ముక్కుకు అడ్డంపడ్డది అందుకే. ఈ కొలత పెట్టిచూస్తే యజమానుల దానాల్లో అధికభాగం దానాలే కావు. ఇచ్చిన వస్తువు దాత చేతిలోనే వుంటుంది, ఇచ్చానన్న పేరుమాత్రం వూళ్ళో తిరుగుతుంది.

జార్జి క్యాడ్‌బరీ ఒకసారి నిజంగా ధారపోశాడు. 1900లో సుమారు 330 ఎకరాల నేలనూ, 313 ఇళ్ళనూ బోర్న్‌విల్ విలేజ్ ట్రస్టుకు రాసియిచ్చాడు. ఆ ట్రస్టు నేటికీ వుంది, ఆ తోటలూ వున్నాయి. కంపెనీ సంగతి వేరు. 1962లో వాటాలు బజారుకొచ్చాయి, 1969లో ష్వెప్స్‌తో కలిసింది, 2010లో అమెరికన్ కంపెనీ క్రాఫ్ట్ దాన్ని కొన్నది. అప్పటికే వాటాల్లో పెద్దభాగం నాలుగురోజుల లాభం చూసుకునేవాళ్ళ చేతిలో పడింది. వాళ్ళకు క్వేకరు తాతలతో ఏం పని? మూతపడబోతున్న సోమర్‌డేల్ ఫ్యాక్టరీని నిలబెట్టగలమని కొనకముందు ప్రకటించిన క్రాఫ్ట్, కొన్న కొద్దిరోజులకే అది కుదరదన్నది. ఆ మాట తప్పినందుకు ఇంగ్లండులో కంపెనీల కొనుగోళ్ళను పర్యవేక్షించే ప్యానెల్ అభిశంసించింది. 2011లో ఫ్యాక్టరీ మూసేశారు. ఒక కుటుంబం నాలుగు తరాలు పోగుచేసిన సంప్రదాయం వాటాలతోపాటు చేతులు మారలేదు. అది ఆస్తిపత్రంలో రాసివుంటేగదా మారటానికి!

మా మిల్లు అమ్ముడుపోయినప్పుడు నాన్నకు ఇల్లు పోయింది, పిల్లల స్కాలర్‌షిప్పులు పోయాయి, వేపచెట్లకు నీళ్ళు పోసేవాడు లేకపోయాడు. 1952 చట్టం కింద ప్రావిడెంటు ఫండు మాత్రం పైసలతోసహా వచ్చింది. గ్రాట్యుటీ కూడా వచ్చింది. గ్రాట్యుటీ అంటే నిజానికి సంతోషించి ఇచ్చే బహుమానమని అర్థం; 1972లో చట్టం చేసేదాకా చాలామంది కార్మికులకు అది అలాగే, దొరవారి చిత్తంమీద వుండేది. ఆ చట్టాలు వచ్చేదాకా ఊరేగింపుల్లో నడిచినవాళ్ళలో ఒకడి పేరూ నాన్నకు తెలియదు. వాళ్ళ ఫొటోలు మా గోడమీద లేవు.

ఋణమున్నదా అని అడిగిన కుర్రవాడికి ఇప్పుడైతే ఉన్నదనే చెపుతాను. ఆ పెద్దాయన మనసుకు నేను ఋణపడివున్నాను. ఆయన యాజమాన్యానికి లేను. ఈ రెంటినీ విడదీయలేక కొందరం ఆయనకు గుడికడతాం, కొందరం ఆయన మనసునే లేదంటాం.

ఈ వ్యాసం చిత్తుప్రతి నాన్నకు చదివి వినిపించాను. "ఆయన మంచివాడేరా" అన్నాడు. కాదనలేదు నాన్నా అన్నాను. కాసేపు మాట్లాడకుండా కూచుని, "ఆ ఇంగ్లండాయనలాగా మన క్వార్టర్సుకూడా రాసేసి వుంటే మీ అమ్మ ఆ మల్లెపాదు వదిలిపెట్టి రావలసివచ్చేది కాదు" అన్నాడు.