ఎవులి కోసం ఈ మూట?

పోయిన శివరాత్రికి వారం ముందు మా అక్క కొడుకు కొలరాడో నుంచి వచ్చాడు. ఈసారి మహేంద్రగిరి ఎక్కుదాం మావయ్యా అని ఫోనులో ముందే మాట తీసుకున్నాడు. వజ్రపుకొత్తూరు మండలంలోని మా ఊరి ఇంటికి రాగానే, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను కూల్చకుండా వదిలేసిన ఒక్క పనస చెట్టు కింద చాప పరిచి తన సంచి విప్పాడు. అక్కడ ఏటా సెప్టెంబరులో లైసెన్సు తీసుకుని, విల్లుతో ఎల్క్ వేటకి వెళతాడు. ఎల్క్ అంటే మన కణితి లాంటి జంతువే కానీ, మగది 300 కిలోల పైనే తూగుతుంది. వారం రోజులు కొండల్లోనే ఉండాలి, అన్నీ వీపు మీదే మోయాలి.

చాప మీద ఒక్కొక్కటే పెట్టాడు. కిలో బరువున్న గుడారం. నలిపి కుక్కితే కొబ్బరికాయంత అయ్యే బాతు ఈకల దుప్పటి. టైటానియం గిన్నె, టైటానియం చెంచా. సగానికి కోసేసిన టూత్‌బ్రష్. ప్రతిదాన్నీ వంటింటి త్రాసులో గ్రాములతో తూచి కంప్యూటర్లో పట్టిక రాసుకున్నాడట. పత్తి బట్ట ఒక్కటీ లేదు, అన్నీ ఉన్నివే. "పత్తి తడిస్తే తొందరగా ఆరదు మావయ్యా, ఆ నీళ్లు కూడా మనమే మొయ్యాలి" అన్నాడు.

నాకు ఆశ్చర్యం కలిగించింది వేరే సంగతి. ఇంత తగ్గించినవాడు సంచిని మాత్రం బరువైనదే కొన్నాడు. లోపల గట్టి చట్రం, నడుముకి వెడల్పాటి పట్టీ, సంచి ఒక్కటే 2 కిలోల పైచిలుకు. ఎందుకురా అని అడిగితే చెప్పాడు. కొండలు చూడ్డానికి వెళ్లేవాళ్లు కిలోలోపు సంచితో పోతారు, వేటకి వెళ్లేవాడికి అది పనికిరాదు. జంతువు పడితే దాని మాంసం మోసుకు రావాలి. తినదగిన మాంసాన్ని అడవిలో వదిలేసి రావడం అక్కడి చట్టం ప్రకారం నేరం. నాలుగు కాళ్ల మాంసం, వెన్ను మాంసం, లోపలి మెత్తని కండ, ఇవన్నీ గాలాడే గుడ్డ సంచుల్లో కట్టి తేవాలి. ఒక్క మనిషి ఒక్కసారికి తెచ్చేది కాదు. కిందటేడు తనూ, తోడు వెళ్లిన ఇద్దరూ కలిసి రెండు రోజులు మోశారట. "వెళ్లేటప్పుడు తేలిగ్గా ఉండేది అందుకే మావయ్యా. వచ్చేటప్పటి బరువు ముందే లెక్కలో ఉండాలి."

అరుగు మీద కూర్చున్న మా తమ్ముడు ఇదంతా వింటున్నాడు. వాడికి మా ఉద్దానం జబ్బు, కిడ్నీలు పోయాయి. మూడేళ్లుగా డయాలసిస్ మీద ఉన్నాడు. లోపలికెళ్లి తన బరువు మిషను తెచ్చి, సంచి దీని మీద పెట్టరా అన్నాడు. 11 కిలోల 200 గ్రాములు. మేనల్లుడి ముఖం వెలిగింది. సంచి తీశాక తమ్ముడు ఎక్కి నిలబడ్డాడు. 54 కిలోల 600. ఆసుపత్రివాళ్లు వాడికి రాసిన డ్రై వెయిట్ 52. మిగతాదంతా ఒంట్లోంచి బయటికి పోలేక నిలిచిపోయిన నీరు. "నీ మూట చెట్టు కింద దింపేస్తావు. నాది దించాలంటే రేపు 4 గంటలు సూదులు పెట్టించుకుని పడుకోవాలిరా" అన్నాడు. ఎవరి మీదా నిష్ఠూరం లేకుండా, లెక్క చెప్పినట్టే అన్నాడు. మేనల్లుడు ఆ చెంచా చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తక్కువతో బతకడం పుణ్యమని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. అపరిగ్రహం అన్నారు, యోగశాస్త్రంలో అయిదు యమాల్లో ఒకటిగా పెట్టారు. అది నిజంగా ధర్మమా, లేక మేనల్లుడి పట్టికలాగా ఒక నేర్పు మాత్రమేనా? చేతిలో ఏమీ లేనివాడు దేవుడికి దగ్గరవుతాడా? అయితే ఒంట్లో నీరు కూడా దించుకోలేని నా తమ్ముడి సంగతేమిటి?

అప్పుడే పాత సంగతి గుర్తొచ్చింది. 1986 శివరాత్రికి నేను మొదటిసారి మహేంద్రగిరి ఎక్కాను. అప్పటికి రైల్వేలో గార్డుగా చేరి ఆరేళ్లు, పలాసలో డ్యూటీ. ఆ కొండ ఒడిశా గజపతి జిల్లాలో ఉంది, ఎత్తు 1501 మీటర్లు. పైన కుంతి, ధర్మరాజు, భీముడి పేర్లతో రాతి గుళ్లున్నాయి. ముఖలింగం నుంచి ఏలిన తూర్పు గాంగులకి ఆ కొండమీది గోకర్ణేశ్వరుడు కులదైవం. మందస వైపు నుంచి నడిచి వెళ్లేవాళ్లలో నేనూ ఒకణ్ని. దారిలో ఒక సవర తాత తోడయ్యాడు. అరవై దాటి ఉంటాయి. నా మూట చూసి నవ్వలేదు, తిట్టలేదు. బండరాయి పక్కన నన్ను కూర్చోబెట్టి, మూట విప్పి ఒక్కొక్కటీ పైకి తీశాడు.

"ఇది ఎవులి కోసమేటి బాబూ?"

మూడు జతల బట్టలు, రెండు దుప్పట్లు, కిరసనాయిలు స్టవ్వు, నాలుగు గిన్నెల క్యారేజీ, గొడుగు. ప్రతిదానికీ అదే ప్రశ్న. నా కోసమే తాతా, అవసరపడుతుందేమోనని అని ప్రతిదానికీ నేను అదే జవాబు చెప్పాను. "అయితే ఇది సామాను కాదు. నీ బయ్యం" అన్నాడు. పొయ్యికి కట్టెలు అడవిలో ఉన్నాయి, కంచానికి అడ్డాకులున్నాయి, నీళ్ల గెడ్డ ఎక్కడుందో తనకి తెలుసు. తన దగ్గర ఉన్నవి ఒక చిన్న గొడ్డలి, ఆనపకాయ బుర్రలో చోడి అంబలి, ఆకులో చుట్టిన ఉప్పు. ఉప్పు అడవిలో దొరకదు గనక తెచ్చుకున్నాడు. ఇవి కాక నడుముకి నాలుగైదు చుట్లు చుట్టుకున్న అడ్డనార తాడు ఉంది.

వయసులో ఉండగా వేటకి వెళ్లేవాడట. విల్లంబులు, గొడ్డలి, ఉప్పు, ఈ తాడు. అడవిపంది పడితే దుంగకి కట్టి ఇద్దరు మోసేవారు, ఊరికొచ్చాక ప్రతి గడపకీ వాటా, మగదిక్కు లేని ఇంటికి కూడా. 1972 చట్టం వచ్చాక వేట తప్పయింది. అడవి చిక్కిపోతున్న రోజుల్లో ఆ చట్టం రావడం మంచిదే అయిందని నా నమ్మకం. జీడితోటల్లోకి ఎలుగుబంట్లు దిగివచ్చి మనుషుల మీద పడుతున్న మా ఊళ్లలో నిలబడి కూడా ఈ మాటే అంటాను.

"ఇప్పుడు వేట లేదు కదా తాతా, తాడెందుకు?" అని అడిగాను.

"దిగేటప్పుడు ఎవులైనా పడితేనో?"

ఆ తాడు మాట నన్ను వదలకపోవడానికి నా ఉద్యోగం కూడా కారణం. గార్డుకి లైన్ బాక్సు అని ఒక ఇనప పెట్టె ఉండేది. ఎర్ర జెండాలు, పచ్చ జెండా, మూడు రంగుల చేతి దీపం, ఫస్ట్ ఎయిడ్, రూల్ పుస్తకాలు, డెటొనేటర్లు. బండి దారిలో ఆగిపోయి పక్క లైనుకి అడ్డం పడితే, పరుగున వెళ్లి 600 మీటర్ల దగ్గర ఒక డెటొనేటరు, 1200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల ఎడంతో మూడు డెటొనేటర్లు పట్టా మీద బిగించాలి. వచ్చే బండి చక్రం కింద అవి పేలితే డ్రైవరు బ్రేకు వేస్తాడు. 38 ఏళ్ల సర్వీసులో నాకు వాటి అవసరం పడింది రెండే రెండుసార్లు. ఒకసారి కార్తీక మాసపు అర్ధరాత్రి, రెండోసారి వానలో. గ్రాముల పట్టిక వేస్తే ముందు కొట్టేయాల్సినవి అవే. కానీ తాత ప్రశ్న వాటికి వేస్తే జవాబు వెంటనే దొరుకుతుంది. నేను ముఖం చూడని డ్రైవరు కోసం, వాడి వెనక బోగీల్లో నిద్రపోతున్న వందలమంది కోసం.

ఇదే పెట్టె నాకు ఇంకో పాఠం కూడా చెప్పింది. స్టేషను నుంచి బ్రేకు వ్యానుదాకా దాన్ని మోసింది నేను కాదు, బాక్స్ పోర్టరు. నేను చేతులూపుకుంటూ ప్లాట్‌ఫారం మీద నడిచేవాణ్ని, నా పెట్టె ఇంకొకడి నెత్తి మీద వచ్చేది. నడక తేలికైనంత మాత్రాన నా బరువు తగ్గినట్టా?

భగవద్గీత ఆరో అధ్యాయంలో యోగి అపరిగ్రహుడై ఉండాలని పదో శ్లోకం చెబుతుంది. ఆ వెంటనే పదకొండోది అతని ఆసనానికి మూడు వస్తువులు చెబుతుంది: దర్భ, జింక చర్మం, బట్ట. చిన్నప్పుడు ఎంత తక్కువ సామానో అని మురిసిపోయాను. ఆ సవర తాతని చూశాక మధ్యదాని దగ్గర ఆగిపోయాను. ఆ చర్మం ఏదో ఒక జింక ఒంటిమీది నుంచి వచ్చినదే. యోగి తేలిగ్గా కూర్చున్నాడు, దాని బరువు జింక మోసింది, వేటగాడు మోశాడు. టెక్కలి దగ్గర రావివలసలో మా ఎండల మల్లన్న కథలోనూ ఆ చర్మం ఉంది. తపస్సులో ప్రాణం విడిచిన రామాయణంలోని వైద్యుడు సుషేణుడి మీద ఆంజనేయుడు మల్లెపూలూ జింక చర్మమూ కప్పాడనీ, తీసి చూస్తే లింగం వెలిసి ఉందనీ స్థల పురాణం. మల్లిక, అజినం కలిసి మల్లికాజినుడు, అదే మల్లికార్జునుడయ్యాడంటారు. ఆ కప్పిన చర్మం కూడా తీసేశాక ఆయన ఇంకేమీ కప్పుకోలేదు. గుడి లేదు, పైకప్పు లేదు, ఎండకీ వానకీ అలాగే నిలబడి ఉన్నాడు. కార్తీక సోమవారాల్లో ఆ క్యూలో నిలబడి, పైన ఏమీ లేని ఆ స్వామిని చూస్తే నాకు కళ్లు చెమరుస్తాయి.

మహాభారతం అరణ్యపర్వంలో ధర్మవ్యాధుడు మాంసం అమ్ముకునేవాడు. తనను వెతుక్కుంటూ మిథిలకి వచ్చిన కౌశికుడనే బ్రాహ్మణుడితో, తాను చంపననీ, ఇతరులు చంపినదాన్ని అమ్ముతాననీ చెప్పాడు. అంతటితో చేతులు కడుక్కోలేదు. తన పని క్రూరమైనదేనని ఒప్పుకున్నాడు, నాగలి కింద చచ్చే పురుగుల్ని కూడా లెక్కలోకి తెచ్చాడు. బతికినవాడెవడికీ బరువు సున్నా కాదన్నది నేను ఆయన దగ్గర నేర్చుకున్నాను. మేనల్లుడి వేట నాకు ఇష్టం లేదు, ఆ మాట వాడితోనే చెప్పాను. కానీ చంపినదాన్ని చివరి ముక్కదాకా వీపు మీద మోసుకొచ్చేవాడి మీద నాకు గౌరవం ఉంది. ప్యాకెట్టులో కొనుక్కుని నేను చంపలేదని అనుకునే మనందరి కన్నా వాడి లెక్క సరిగ్గా ఉంది.

వంశధార ఒడ్డున శాలిహుండంలో ఒకప్పుడు బౌద్ధ భిక్షువులుండేవారు. భిక్షువుకి ఉండదగిన వస్తువులు ఎనిమిదే. మూడు చీవరాలు, భిక్షాపాత్ర, నడికట్టు, మంగలికత్తి, సూది, నీళ్లు వడగట్టే గుడ్డ. మొదటి ఏడూ తన ఒంటి కోసం. ఎనిమిదోది నీటిలోని చిన్న ప్రాణులు తన కడుపులోకి పోకుండా. ఆ గుడ్డని నేను తాత తాడు పక్కన, డెటొనేటర్ల పక్కన, మేనల్లుడి బరువైన చట్రం పక్కన పెట్టుకుంటాను. అపరిగ్రహం ధర్మం అయ్యేది ఇక్కడే అని నాకు గట్టిగా అనిపిస్తోంది. నా భయం మోసే సామాను తగ్గితే భుజం మీద చోటు మిగులుతుంది. ఆ చోటు ఎవరిదో ముందే అనుకుని బయల్దేరాలి.

శివరాత్రికి ఎక్కాం. నా మూట మూడున్నర కిలోలు, అందులో రెండు కిలోలు నీళ్లే. నీళ్లకి వాచిపోయిన ప్రాంతంవాణ్ని, వాటిని మాత్రం తగ్గించలేదు. దిగేటప్పుడు సోంపేట వైపు ముసలమ్మలు ఇద్దరు కాళ్లు సాగక కూర్చుండిపోతే మేనల్లుడు తన గుడారం నాకిచ్చి, వాళ్ల మూటలు తన చట్రానికి కట్టుకున్నాడు. ఎల్క్ మాంసం కోసం కుట్టిన పట్టీలు ఆ గోనె మూటలకి చక్కగా సరిపోయాయి. ఆ కొండ మీద పుట్టిన మహేంద్రతనయ బరువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. మర్నాడు వాడు అక్కడ స్నానం చేసి వెళ్లిపోయాడు. వెళుతూ టైటానియం గిన్నె తమ్ముడికిచ్చాడు. రోజుకి తాగాల్సిన నీళ్లు కొలుచుకోవడానికి వాడు దాన్నే వాడుతున్నాడు.

సోమ, బుధ, శుక్రవారాల్లో తమ్ముడితో పలాస ఆసుపత్రికి వెళతాను. డయాలసిస్ అయ్యాక వాడికి కాళ్లు తేలిపోతాయి, ఆటో ఎక్కించడానికీ దించడానికీ నా రెండు చేతులూ కావాలి. ఆ మూడు రోజులూ నేను సంచి పట్టుకెళ్లను.