విసుగక అడిగిన విధవరాలు

ధ్యానము కొరకు వాక్యభాగములు: లూకా 18:1–8, 2 రాజులు 8:1–6, సామెతలు 31:8, 9



మన ప్రభువు ప్రార్థనను గూర్చి బోధింపగోరినప్పుడు ఒక విధవరాలిని న్యాయాధిపతి గుమ్మమునొద్ద నిలువబెట్టి చూపించెను. ఆ న్యాయాధిపతి దైవభీతి లేనివాడు, లోకుల మాటను ఖాతరు చేయనివాడు. ఆమెకు డబ్బు లేదు, పలుకుబడి లేదు, పక్షముగా మాటలాడు మగదిక్కు లేదు. ఆమెకున్నది ఒక్కటే, మరల మరల వచ్చుట. ఈ ఉపమానమును మనము ఎన్నోసార్లు వింటిమి. అయితే ఆమె యేమి అడిగెనో ఎప్పుడైనను నిలిచి ఆలోచించితిమా? ఆమె భిక్ష అడుగలేదు. తనకు జరిగిన అన్యాయమునకు తీర్పు అడిగెను. ప్రభువు ఆమెను తప్పుపట్టలేదు సరికదా, మనకు మాదిరిగా చూపెను.

ఈ విధవరాలివంటి వారు మన దేశములో ఒక పట్టణమందు నలువది ఏండ్లుగా గుమ్మముల యొద్ద నిలిచియున్నారు. ఆ పట్టణము మధ్యప్రదేశ్ రాజధానియైన భోపాల్. వారి సంగతి మన గ్రామ సంఘములకు ఎందుకని మీరు అడుగవచ్చును. ఎందుకో చివరకు మీరే చెప్పుదురు.

భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ అను సంస్థవారి కర్మాగారము ఉండెను. అక్కడ సెవిన్ అను పురుగుమందును తయారుచేసెడివారు. పత్తిచేలలో మందు కొట్టిన మన రైతులకు పురుగుమందు డబ్బా మీది పుర్రెగుర్తు తెలిసినదే. ఆ మందు తయారీకి కావలసిన మిథైల్ ఐసోసైనేట్ అను విషద్రవమును పెద్ద తొట్టెలలో నిలువచేసిరి. 1984 డిసెంబరు 2వ తేది రాత్రి ఒక తొట్టెలోనికి నీరు చేరి, లోపల వేడిమి పుట్టి, తెల్లవారకమునుపే సుమారు 40 టన్నుల విషవాయువు బయటికి వెడలెను. ఆ ద్రవమును చల్లగా నుంచవలసిన యంత్రము అంతకుముందే ఆపివేయబడి యుండెను. తప్పించుకొని వచ్చు వాయువును కాల్చివేయవలసిన గోపురపు గొట్టము మరమ్మతు కొరకు విప్పబడి యుండెను. ఆ వాయువు గాలికంటె బరువైనది గనుక నేలమీదనే ప్రాకుచు, గోడప్రక్క గుడిసెలలో నిద్రించు పేదలమీదికి పోయెను. వేలమంది చనిపోయిరి. బ్రతికినవారిలో లక్షలమందికి కన్నులు, ఊపిరితిత్తులు చెడిపోయెను.

ఇది మొదటి విపత్తు. ఒక్క రాత్రిలో జరిగినది. రెండవది ఏండ్ల తరబడి సాగినది. జబ్బుపడినవారి మాటను వినువారు లేకపోవుటయే అది.

1985లో మన పార్లమెంటు ఒక చట్టము చేసి, బాధితులందరి పక్షమున వ్యాజ్యము నడుపు హక్కును కేంద్ర ప్రభుత్వమునకు ఇచ్చెను. చదువులేని పేదవాడు పెద్ద సంస్థతో ఒంటరిగా పోరాడలేడు గనుక, తండ్రివలె ప్రభుత్వమే నిలువవలెనని దాని ఉద్దేశము. ఉద్దేశము మంచిదే. ప్రభుత్వము మొదట అమెరికా న్యాయస్థానమునకు పోయెను. 1986లో అక్కడి న్యాయాధిపతి, ఇది భారతదేశములోనే విచారింపదగినదని తిప్పి పంపెను. తరువాత ఇక్కడ 330 కోట్ల డాలర్లకు దావా వేయబడెను. 1989 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు యెదుట 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరెను. ఆ రాజీకి ముందు బాధితులను ఎవరును పిలిచి అడుగలేదు. అదే సంవత్సరము డిసెంబరులో సుప్రీంకోర్టు 1985 చట్టమును సమర్థించుచునే, రాజీకి మునుపు బాధితుల మాట వినియుండవలసినదని చెప్పెను.

సుమారు 3,000 మంది మృతులని లెక్కించి ఆ మొత్తమును నిర్ణయించిరి. తరువాత 5,000 పైగా మరణములకు పరిహారము ఇయ్యవలసివచ్చెను. గాయపడినవారితో కలిసి ఐదున్నర లక్షలకు పైగా జనులు బాధితులని తేలెను. జబ్బుపడినవారిలో ఎక్కువమందికి దక్కినది 25,000 రూపాయలు. 2004లో సుప్రీంకోర్టు ఉత్తరువువలన, మిగిలియున్న సొమ్మునుండి మరల అంత మొత్తము దొరికెను. జీవితకాలమంతయు దగ్గుచు, కూలికి పోలేక, మందులు కొనుచున్న మనుష్యునికి ఇది ఎన్ని దినములకు చాలును?

ఇక్కడనే ఆ విధవరాలు లేచెను, ప్రియులారా. భోపాల్ స్త్రీలు ఊరుకొనలేదు. విషవాయువు బారినపడిన అబ్దుల్ జబ్బార్ అను ఆయనతో కలిసి గ్యాస్ బాధిత స్త్రీలు ఒక సంఘముగా ఏర్పడిరి. రాజీని మరల విచారింపుమని కోర్టును అడిగినవారిలో బాధితుల సంఘములు ఉండెను. 1991లో కోర్టు డబ్బు విషయమున రాజీని నిలుపుచునే, కొట్టివేయబడిన నేర విచారణను మరల తెరచెను. బాధితుల వైద్యము కొరకు ఆ స్త్రీల సంఘము 1998లో సుప్రీంకోర్టున అర్జీ వేసెను. 2012లో తీర్పు వచ్చెను. రోగుల వైద్య వివరములను భద్రపరచవలెననియు, ప్రతి బాధితునికి ఆరోగ్య పుస్తకము ఇయ్యవలెననియు కోర్టు ఆజ్ఞాపించెను. అర్జీకిని తీర్పుకును నడుమ 14 ఏండ్లు! రషీదా బీ, చంపాదేవి శుక్లా అను ఇద్దరు స్త్రీలు, ఒకరు ముస్లిము, మరొకరు హిందువు, చేయి చేయి పట్టుకొని ఈ పోరాటములో నడిచిరి. 2004లో తమకు వచ్చిన గోల్డ్‌మన్ బహుమాన ద్రవ్యముతో వికలాంగులైన బిడ్డలకు చికిత్సాస్థానము నెలకొల్పిరి. మనము లూకా సువార్త చేతపట్టుకొనియున్నాము. ఆ సువార్త చూపిన మాదిరి ప్రకారము నడచినవారు వారు.

అంతయు జయమే అని నేను చెప్పను. 2010 జూన్‌లో ఏడుగురు అధికారులకు రెండేసి ఏండ్ల శిక్ష విధింపబడి, ఆ దినముననే వారు జామీనుపై బయటికి వచ్చిరి. పరిహారము హెచ్చింపుమని ప్రభుత్వము 2010లో వేసిన అర్జీని 2023 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టివేసెను. కర్మాగారములో మిగిలిన సుమారు 337 టన్నుల విషపు చెత్త 2025లో గాని అక్కడనుండి కదలలేదు. విధవరాలికి త్వరలోనే తీర్పు దొరకుననియే మనము తలంచుదుము. కొన్నిసార్లు ఆమె గుమ్మమునొద్దనే ముసలిదగును.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పవలసియున్నది. చెప్పుటకు సిగ్గుగా నున్నది, అయినను చెప్పెదను.

కొన్ని ఏండ్ల క్రిందట నేను సేవచేసిన ఒక ఊరిలో ఐసు ఫ్యాక్టరీ గొట్టము పగిలి అమ్మోనియా వాయువు బయటికి వచ్చెను. ప్రక్క కళ్లములో మిరపకాయలు ఏరుచుండిన మన సంఘపు సహోదరి ఒకామె దానిని పీల్చెను. ప్రాణము దక్కెను గాని దగ్గు పోలేదు. మెట్టు ఎక్కిన ఆయాసము, వంగి నాటు వేసిన ఆయాసము. ఆమె నాయొద్దకు వచ్చి, “ఏం చేయమంటారండి అయ్యగారూ?” అని అడిగెను. నేను తలమీద చేయియుంచి ప్రార్థించి, “ఓర్చుకో అమ్మా, దేవుడు చూస్తున్నాడు” అని పంపివేసితిని. ఆసుపత్రి చీటీలు దాచుకొమ్మని చెప్పలేదు. ఆ చీటీలు వానకు తడిసి పాడైపోయెను. అర్జీ వ్రాయుట తెలిసినవాడను నేనే యైనను వ్రాయలేదు. తరువాత ఎవరో దారి చూపగా ఆమె కలెక్టరు కచేరికి పోయెను. అర్జీ పెట్టవలసిన గడువు దాటిపోయినదని అక్కడ చెప్పిరి. ఆమె తిరిగివచ్చి నన్ను నిందింపలేదు. “అయ్యగారూ, మీరు నాకోసం ప్రార్థన చేశారు. నాతో రాలేదు గదండీ” అని మాత్రము అనెను.

ఆ మాట నన్ను నేటికిని విడువలేదు.

విశ్వాసులు న్యాయస్థానమునకు పోవచ్చునా అని కొందరు అడుగుదురు. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయమును చూపుదురు. అక్కడ పౌలు గద్దించినది సంఘములో సహోదరుడు సహోదరునిమీద వేయు వ్యాజ్యములను. బలవంతుని చేత చెరుపబడిన పేదవాడు నోరు మూసికొనవలెనని ఆయన చెప్పలేదు. ఫిలిప్పీలో అన్యాయముగా కొట్టించి, రహస్యముగా వెళ్లిపొమ్మనిన అధికారులతో, వారే వచ్చి తమ్మును బయటికి తీసికొనిపోవలెనని పట్టుబట్టినవాడు పౌలే. కైసరు యెదుట చెప్పుకొందునని విజ్ఞాపన చేసినవాడును పౌలే. చట్టము దేవుని పరిచారకుల చేతిలోనిది. దానిని అడుగుట అవిశ్వాసము కాదు.

రాజుల రెండవ గ్రంథములో షూనేమీయురాలి సంగతి చూడుడి. కరవువలన ఏడు ఏండ్లు పరదేశమందుండి తిరిగివచ్చి, తన యింటికొరకును పొలముకొరకును రాజునొద్ద మొరపెట్టుటకు ఆమె పోయెను. ఆ వేళకు గేహజీ రాజుతో మాటలాడుచుండెను. ఆమెను చూచి, ఈ స్త్రీయే ఆమె అని అతడు సాక్ష్యమిచ్చెను. రాజు ఆమెను అడుగగా ఆమెయే తన సంగతి చెప్పెను. అప్పుడు రాజు ఒక అధికారిని నియమించి, ఆమె సొత్తంతయు, పొలపు పంటతో కూడ, మరల ఇప్పించెను. గేహజీ గొప్ప భక్తుడు కాడు. ధనాశచేత పడిపోయిన చరిత్ర అతనిది. అయినను తాను ఎరిగినది చెప్పవలసిన వేళ చెప్పెను. అంతే కాదు, ఆమెకు బదులుగా తానే మాటలాడి ఆమె నోరు మూయలేదు. భోపాల్ రాజీలో కొరతపడినది ఇదియే. పక్షముగా నిలుచుట యనగా మనము చెప్పి ఊరకుండుట కాదు, వారి మాట వినబడునట్లు చేయుట.

మన ఊళ్లకు ఇవి దూరపు సంగతులు కావు. 2020 మే 7వ తేది తెల్లవారుజామున విశాఖపట్నము ప్రక్కనున్న ఆర్.ఆర్. వెంకటాపురములో ఎల్జీ పాలిమర్స్ కర్మాగారమునుండి స్టైరీన్ వాయువు వెడలి 12 మంది చనిపోయిరి. వందలమంది ఆసుపత్రి పాలైరి. మరుసటి దినముననే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ సంస్థను 50 కోట్ల రూపాయలు కట్టుమని ఆజ్ఞాపించెను. అంత త్వరగా అడుగగలుగుటకు ఆధారము ఏమి? 1985లో ఢిల్లీలో ఒలియమ్ వాయువు వెడలిన వ్యాజ్యమున, అపాయకరమైన పని చేయువాడు దానివలన కలిగిన హానికి సాకులు చెప్పక పూర్తిగా బాధ్యుడని 1986 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. భోపాల్ కన్నీరు ఆరకముందే వచ్చిన తీర్పు అది.

కావున సంఘములకు నేను మనవి చేయునది ఇది. ఇట్టి ప్రమాదము జరిగినయెడల, ఆ దినము ఎవరు ఎక్కడ ఉండిరో, ఏమి పీల్చిరో, ఏ ఆసుపత్రికి పోయిరో తేదీలతో వ్రాసి పెట్టుడి. చదువు వచ్చిన యౌవనులు చదువు రానివారి యింటికి పోయి వ్రాయుడి. ప్రతి చీటీని, మందుల రసీదును వానకు తడవకుండ భద్రపరచుడి. అపాయకరమైన వస్తువులవలన బయటి జనులకు కలిగిన హానికి, యజమాని తప్పు రుజువు చేయకయే కొంత ఉపశమనము పొందుటకు 1991 నాటి చట్టమొకటి ఉన్నది. ఐదు ఏండ్లలోగా కలెక్టరుకు అర్జీ పెట్టవలెను. కార్మికులకు వేరే చట్టమున్నది. న్యాయవాదికి డబ్బు లేదని వెనుదీయకుడి. 1987 నాటి న్యాయ సేవల చట్టము ప్రకారము స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులముల తెగల వారికి, పారిశ్రామిక ప్రమాద బాధితులకు న్యాయసహాయము ఉచితము. జిల్లా కోర్టు ఆవరణములోని న్యాయ సేవాధికార సంస్థను అడుగుడి. 15100 అను నెంబరుకు ఫోను చేసినను దారి చెప్పుదురు. అన్నిటికంటె ముఖ్యముగా, మొదటి నెలలో అన్నపు పొట్లములు పంచి మరచిపోకుడి. పదియవ ఏట దగ్గుచున్నవారి తలుపు తట్టుడి.

సామెతల గ్రంథము చివరి అధ్యాయములో ఒక తల్లి తన కుమారుడైన రాజునకు బోధించినది ఇదే గదా: నోరులేనివారి కొరకు నోరు తెరువుమని. యోహాను తన మొదటి పత్రికలో మన రక్షకునికి ఉత్తరవాది అని పేరు పెట్టెను. తండ్రియొద్ద మన పక్షముగా మాటలాడువాడని దాని భావము. మనకొరకు అక్కడ ఒకడు మాటలాడుచుండగా, మన పొరుగువారి కొరకు ఇక్కడ మనము మౌనముగా నుందుమా?

ఉపమానపు చివర ప్రభువు ఒక ప్రశ్న అడిగెను. తాను మరల వచ్చునప్పుడు ఈ భూమిమీద విశ్వాసము కనబడునా యని. మన గుడులలో పాటలు ఆయనకు వినబడుననుటకు సందేహము లేదు. కచేరి గుమ్మమునొద్ద ఒక జబ్బుమనిషి ప్రక్కన, కాగితముల మూట చేతపట్టుకొని నిలిచిన విశ్వాసి ఆయనకు కనబడునా?

ప్రార్థన: మా పక్షముగా మాటలాడు ప్రభువా, ఓర్చుకొమ్మని ఇతరులకు చెప్పి మేము తప్పుకొనిన దినములను క్షమించుము. విషగాలి పీల్చి ఇంకను ఆయాసపడుచున్న నీ బిడ్డలను ఆదరించుము. వారి తీర్పును ఆలస్యము చేయువారి హృదయములను కదిలించుము. వారితో కూడ నడచుటకు మాకు కాళ్లును, విసుగని మనస్సును దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.

— ఒక గ్రామ సంఘ కాపరి