కలువ, వెన్నెల, పాఠం: సమీకృత బోధనలో ఉమ్మడి బాధ్యత

జాతీయ విద్యావిధానం 2020 కళాసమ్మిళిత బోధనను ప్రోత్సహించింది. కళలను ఇతర విషయాలతో ఎలా కలపాలన్నది బోధనపద్ధతికి సంబంధించిన ప్రశ్నగానే సాధారణంగా చర్చకు వస్తుంది. అందులో నైతికాంశం కూడా ఉంది. పద్యం విజ్ఞానపాఠానికి అలంకారంగా మిగిలినా, విజ్ఞానం పద్యంలోని తప్పులు దిద్దడానికే పరిమితమైనా ఒక విషయానికి అన్యాయం జరుగుతుంది. ఆ అన్యాయాన్ని నివారించే బాధ్యత ఎవరిది?

చంద్రోదయంతో కలువ వికసించడం కావ్యాలలో సుపరిచితమైన వర్ణన. శాస్త్రానికీ లోకానుభవానికీ అందకపోయినా, పరంపరగా వస్తున్నందువల్ల కవులు నిబంధించే అర్థాన్ని రాజశేఖరుడు ‘కావ్యమీమాంస’లో కవిసమయమన్నాడు. వెన్నెలను తాగే చకోరం ఆ నిర్వచనంలో సులభంగా ఇముడుతుంది. కలువ విషయం అంత సులభం కాదు. కలువలలో రాత్రి విచ్చుకొని పగలు ముడుచుకొనే జాతులు నిజంగానే ఉన్నాయి. అయితే అవి అమావాస్యనాడు కూడా విచ్చుకొంటాయి. అంటే ఇక్కడ కాలం పరిశీలనకు అందిన సత్యం. కారణం మాత్రం కవికల్పన.

ఈ భేదం ఒంటరి బోధనలో మరుగున పడే ప్రమాదముంది. జీవశాస్త్ర ఉపాధ్యాయుడు వర్ణనను అసత్యమని తోసిపుచ్చవచ్చు. తెలుగు ఉపాధ్యాయుడు కల్పన అని చెప్పి ముందుకు సాగవచ్చు. ఇద్దరూ కలిసి పాఠాన్ని రూపొందిస్తే కవి ఏది చూశాడు, ఏది ఊహించాడు, ఎందుకు ఊహించాడు అన్న ప్రశ్నలు విద్యార్థి ముందుకు వస్తాయి. పున్నమినాడూ అమావాస్యనాడూ చెరువును గమనించడం విజ్ఞానాభ్యాసమవుతుంది. ఆ పువ్వుకూ చంద్రునికీ ప్రణయబంధాన్ని కల్పించిన ఔచిత్యాన్ని చర్చించడం సాహిత్యాభ్యాసమవుతుంది.

ఇటువంటి సహకారానికి జపానులోని ‘జుగ్యో కెంక్యూ’ సంప్రదాయం ఒక నమూనా. స్టిగ్లర్, హీబర్ట్‌ల ‘ది టీచింగ్ గ్యాప్’ (1999) ద్వారా ఇది ఇతర దేశాలలో విస్తృతంగా తెలిసింది. ఉపాధ్యాయులు కలిసి పాఠాన్ని రచిస్తారు; ఒకరు బోధిస్తుండగా తక్కినవారు విద్యార్థుల ఆలోచనలను గమనిస్తారు; తరవాత అందరూ చర్చించి పాఠాన్ని సవరిస్తారు. అక్కడ విమర్శకు గురయ్యేది పాఠమే గాని బోధించిన వ్యక్తి కాదు.

అందరి బాధ్యత ఎవరి బాధ్యతా కాకుండా పోతుందన్న ఆక్షేపణ సమంజసమే. అందుకే ఉమ్మడి బాధ్యతలో ఒక్కొక్కరి వంతు స్పష్టం కావాలి. ప్రతి ఉపాధ్యాయుడూ తన విషయంలోని సత్యానికి జవాబుదారీ వహించాలి. ఎదుటి విషయం ముందు విద్యార్థిగా నిలవాలి. ఈ కర్తవ్యానికి తగిన సమయాన్ని పాఠశాల దినచర్యలో కేటాయించడం వ్యవస్థ వంతు. సమయమివ్వకుండా సమీకరణను ఆదేశిస్తే పద్యం మళ్లీ అలంకారంగానే మిగులుతుంది; అప్పుడు ఆ లోపాన్ని ఉపాధ్యాయునిపై మోపడం న్యాయం కాదు.