సంతవీధిలో నిలిచినవారు

ధ్యానభాగము: మత్తయి 20:1–16



గత క్రిస్మసు కూటములు ముగిసిన తరువాత మన సంఘములోని ఒక తల్లి మా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, మా పిల్లవాడు ఏ తప్పు చేసినాడని పని పోయింది? పదకొండేండ్లు రాత్రిళ్లు మేలుకొని చేసినాడే!" అని కన్నీటితో అడిగెను. ఆ యౌవనుడు చెన్నైలో ఒక కంపెనీయందు, అమెరికా ఆసుపత్రుల లెక్కలను కాపాడు డేటాబేసు అడ్మినిస్ట్రేటరుగా నుండెను. మూడు ఆదివారములు మందిరములో వెనుక వరుసను కూర్చుండి, సెలవు మీద వచ్చితినని అందరితోను చెప్పెను. మేమును నమ్మితిమి. ఉద్యోగము వచ్చిన దినమున అతని కృతజ్ఞత కానుకను అందుకొని పేరు చదివిన మేము, ఉద్యోగము పోయిన దినమున అతని ముఖము చూచి గ్రహింపలేకపోతిమి. ఇది మా తప్పిదము.

ఈ పని ఎట్టిదో పల్లెలలోని మనము తెలిసికొనుట మంచిది. పూర్వము ఊరి కరణముగారు భూమి లెక్కలు, శిస్తు లెక్కలు భద్రపరచినట్లు, బ్యాంకుల లెక్కలను, ఆసుపత్రుల లెక్కలను కంప్యూటరులో భద్రపరచుటయే ఈ పని. నకళ్లు తీసి వేరొకచోట దాచవలెను. ఏదైన చెడిపోయినయెడల ఆ నకలునుండి మరల నిలువబెట్టవలెను. ఎవరు ఏ లెక్క చూడవచ్చునో హద్దు నియమింపవలెను. నమ్మకమైనవాడే దీనికి తగును. లెక్క సరిగానున్నంత కాలము అతనిని ఎవరును తలంపరు. 1984లో మన రాష్ట్రమందు కరణముల పదవి రద్దయినప్పుడు ఆ యిండ్లలో కలిగిన కలవరము పెద్దలకు జ్ఞాపకముండును.

ఈ పని మన పిల్లలకు ఎట్లు వచ్చెను? 1998లో హైదరాబాదున సైబర్ టవర్స్ తెరువబడెను. 2000 సంవత్సరము రాగానే పాత కంప్యూటర్లు తేదీని తప్పుగా చదువునను భయముచేత అమెరికాకు పనివారు విస్తారముగా కావలసివచ్చిరి. అమీర్‌పేట వీధులు శిక్షణాలయములతో నిండెను. మన నెల్లూరు తీరమునుండియు పిల్లలు వెళ్లిరి. కొందరు తండ్రులు పొలము కుదువపెట్టి పంపిరి. అచ్చటి జీతముకంటె ఇచ్చటి జీతము తక్కువ గనుక, పని సముద్రము దాటి వచ్చెను. అయితే అది ఊరకనే రాలేదు. 2015లో ఫ్లోరిడాలోని డిస్నీ సంస్థ సుమారు 250 మంది సాంకేతిక ఉద్యోగులను తొలగించెను. వారిలో కొందరు తమ స్థానమునకు వచ్చిన భారతీయులకు తామే పని నేర్పి వెళ్లవలసివచ్చెను.

ఆ దినములలో మనము స్తోత్రార్పణలు చేసితిమి. అది తప్పు కాదు. కాని ఆ ఫ్లోరిడా తండ్రుల కొరకు మన కూటములలో ఒక్క ప్రార్థనయైనను వినబడలేదు.

పిమ్మట గాలి తిరిగెను. 2009లో అమెజాన్ సంస్థ డేటాబేసులను అద్దెకిచ్చి, నకళ్లు తీయుట మొదలగు పనులను యంత్రములచేతనే జరిపింప నారంభించెను. 2017లో ఒరాకిల్ సంస్థ తన్నుతానే సరిచేసికొను డేటాబేసును ప్రకటించెను. అనేకులు చేసిన పనికి కొందరు చాలిరి. 2025 జులైలో టి.సి.ఎస్. సంస్థ సుమారు 12,000 మందిని తగ్గింతుమని తెలిపెను. అదే సంవత్సరము సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు క్రొత్త హెచ్-1బి వీసాకు లక్ష డాలర్ల రుసుము విధించుచు ప్రకటన చేసెను. ఇచ్చట వాకిలి మూయబడుచుండగా అచ్చటి వాకిలియు ఇరుకాయెను.

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నకు రెండు జవాబులు వినబడుచున్నవి. ఒకరు, "ఇది దేవుని శిక్ష" అందురు. యోబు స్నేహితులును అట్లే పలికి, దేవునిచేత గద్దింపబడిరి. పుట్టు గ్రుడ్డివానిని చూచి ఎవరు పాపము చేసిరని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు ఆ ప్రశ్ననే కాదనెను. మరియొకరు, "ఇది వ్యాపార ధర్మము, ఇందులో ఎవరి తప్పును లేదు" అందురు. అట్లయిన పనివాని మొర సేనల ప్రభువు చెవిని చేరునని యాకోబు ఏల వ్రాసెను?

ద్రాక్షతోట ఉపమానమును మరల చదువుడి. మొదట వచ్చినవారు కడపట వచ్చినవారిని చూచి సణిగిరి. అమెరికా పనివాడు మొదట వచ్చినవాడు. మనము అయిదు గంటలకు వచ్చినవారము. నేడు మనమే మొదటివారమై, ఇతర దేశములవారిని చూచి, యంత్రమును చూచి సణుగుచున్నాము. ఇది మన హృదయమునకు గద్దింపు.

అయినను ఒక భేదమును మరువకూడదు. ఆ యజమానుడు క్రొత్తవానిని పిలుచుటకై పాతవానిని తోటనుండి వెళ్లగొట్టలేదు. ఎవని దేనారమును తగ్గింపలేదు. సాయంకాలమున సంతవీధిలో నిలిచియున్నవారిని సోమరులని నిందింపక, వారిని ఎవరును కూలికి పెట్టుకొనలేదను మాటను నమ్మెను. ఒక దినము బ్రదుకుటకు కావలసినది వారికిచ్చెను. పని చవుకగా దొరకు చోటికి పోవుట యొక్కటియే పాపమని మేము చెప్పము. అట్లయిన మన బిడ్డలు తినిన అన్నమును పాపమే యగును. ఏండ్ల తరబడి నమ్మకముగా చేసినవానికి వేళకు తెలియజేయక, వేరొక పని నేర్పింపక, పారవేయుటయే అన్యాయము. ఇతరుని నష్టమువలన మేలు పొందియు అతనిని మరచుట మన అన్యాయము.

అయితే సంఘము ఏమి చేయవలెను? 1876–78 కరువులో, ఒంగోలు నెల్లూరు జిల్లాలో నున్న కాలమున, క్లౌ దొరగారు వాక్యము చెప్పుటతో ఆగక, బకింగ్‌హాము కాలువలో కొంతభాగము త్రవ్వించు కంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్నవారికి పని చూపిరి. పిదప ఆ కాలువమీద ధాన్యము, ఉప్పు, కట్టెలు పడవలలో మద్రాసుకు పోయెను. రైళ్లు, లారీలు వచ్చిన తరువాత పడవవారి పనియు పోయెను. పనులు వచ్చును, పోవును. పనిచేయు మనిషి మాత్రము దేవుని స్వరూపమందు చేయబడినవాడు. పదవితోకూడ రద్దగువాడు కాడు.

కాబట్టి, ఇంటికి తిరిగివచ్చిన యౌవనుని "ఎప్పుడు వెళ్లుదువు?" అని మాటిమాటికి అడుగకుడి. జీతమును చూచి కుదిర్చిన సంబంధమును జీతము పోయెనని విడువకుడి. ఏ ఊరిలో ఏ పని ఉన్నదో తెలిసినవారు దాచక చెప్పుడి. శిక్షణ పేరట మరల పొలము కుదువపెట్టకమునుపు తెలిసినవారిని విచారించుడి. కృతజ్ఞత కానుకల పేర్లు చదువు బల్లయొద్దనే, పని పోయినవారి కొరకును, వారు సమ్మతించినయెడల, పేరు చెప్పి ప్రార్థింతుము. ఈ నియమమును మేము మొదలుపెట్టితిమి.

ఆ యౌవనుడు ఇప్పుడు ముందు వరుసలో కూర్చుండుచున్నాడు. ఆదివారము సాయంకాలమున పిల్లలకు లెక్కలు చెప్పుచున్నాడు. ఉద్యోగము ఇంకను దొరకలేదు. ఆ తల్లితో మేము చెప్పగలిగినది ఇంతే: "అమ్మా, నీ బిడ్డ తప్పు చేయలేదు. మనము అతని చేయి విడువకుందము."

సంతవీధిలో సాయంకాలమువరకు నిలిచినవారిని వెదకి వచ్చిన ప్రభువు మన బిడ్డలను, ఫ్లోరిడాలోని ఆ తండ్రులను కూడ జ్ఞాపకము చేసికొనునుగాక. ఆమేన్.