మాట ఎవరికిచ్చారు?

2024 వానాకాలంలో ఒకరోజు భద్రాచలం బస్టాండులో చర్ల బస్సు ఎక్కాను. నా ముందు సీట్లో అక్కచెల్లెళ్ళు ఇద్దరు కూచున్నారు, కోయవాళ్ళు. ఇద్దరి మధ్యా ఒకటే సంచి, అందులో ఉల్లిగడ్డలు, ఎండుచేపలు, పిల్లల చెప్పుల జత. కండక్టరమ్మ వచ్చి ఆధార్ కార్డులు అడిగింది. పెద్దామె కార్డు చూసి సున్నా టికెట్టు కొట్టిచ్చింది. చిన్నామె కార్డు చూసి డబ్బులియ్యమంది. పెద్దామెను ఇచ్చింది దుమ్ముగూడెం మండలంలో. అది తెలంగాణ. చిన్నామె అత్తగారిల్లు ఎటపాక మండలంలో. అది ఆంధ్రప్రదేశ్.

"ఒక్క కడుపున పుట్టినోళ్ళం. నాకు ఊరికే, దీనికి పైసలా?" అంది పెద్దామె. గొడవకి దిగే గొంతేం కాదది, నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టుంది. "కార్డు మీద ఏముంటే అదే నాకు అక్కా" అంది కండక్టరమ్మ. ఆమె తప్పేముంది?

ఆ రోజుల్లో మా ఇంట్లో ఒక నోటు పుస్తకం ఉండేది. 2023 డిసెంబరు 7న తెలంగాణలో కొత్త ప్రభుత్వం ఏర్పడిన నాటి నుంచి అందులో హామీల లెక్క రాస్తున్నాను. ఖమ్మంలో మా అమ్మకి రోజూ పేపరు చదివి వినిపించడంలో మొదలైన అలవాటు. ఆరు గ్యారంటీలు, వంద రోజుల గడువు. డిసెంబరు 9న ఆడవాళ్ళకి ఉచిత బస్సు మొదలైంది, దాని పక్కన ఒక గీత. ఫిబ్రవరి నెలాఖరులో 200 యూనిట్ల కరెంటు, 500 రూపాయల గ్యాసు, వాటికి సగం గీత, ఎందుకంటే అందరికీ రాలేదు. మహాలక్ష్మి కింద ఆడవాళ్ళకి నెలకి 2,500 రూపాయలు అన్నారు. దాని పక్కన ఖాళీ. వంద రోజులు దాటాయి, 2025 మార్చి బడ్జెట్ కూడా దాటింది, ఆ గడి ఖాళీగానే ఉండిపోయింది. పేపర్లూ ఇలాగే లెక్కలేశాయి. ప్రతిపక్షం ఒకలాగా, ప్రభుత్వం ఇంకోలాగా.

బస్సులోంచి దిగి ఇంటికొచ్చాక ఆ చిన్నామె టికెట్టు ఎక్కడ రాయాలో నాకు తెలియలేదు. హామీ తప్పారని రాయలేను. ఆమెకి తెలంగాణ ప్రభుత్వం ఏ మాటా ఇవ్వలేదు. నిలబెట్టుకున్నారని రాయడానికీ చెయ్యి రాలేదు.

హామీ నెరవేరిందా లేదా అని అడిగే ముందు ఆ హామీ ఎవరికిచ్చారన్నది అడగాలని నాకు అప్పటిదాకా తోచలేదు. భద్రాచలం చుట్టుపక్కల ఊళ్ళకి మాత్రం ఇది పదేళ్ళ నాటి ప్రశ్న. 2014 ఏప్రిల్ 30న ఈ ఊళ్ళవాళ్ళు భద్రాచలం నియోజకవర్గంలో, తెలంగాణ ఓటర్లుగా ఓటేశారు. రాబోయే రాష్ట్రంలో ఇళ్ళిస్తామని, భూములిస్తామని చెప్పినవాళ్ళ మాటలు విని వేశారు. నెల తిరక్కుండానే, మే నెలాఖరులో, పోలవరం ముంపు పేరుతో ఏడు మండలాల్ని ఆంధ్రప్రదేశ్‌లో కలుపుతూ కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది. జూలైలో అది చట్టమైంది. జూన్ 2న తెలంగాణలో ప్రమాణ స్వీకారం జరిగే నాటికే వాళ్ళు ఆ రాష్ట్రం వాళ్ళు కారు. ఓటేసి గెలిపించిన ఎమ్మెల్యే ఒక శాసనసభలో, బతుకు ఇంకో రాష్ట్రంలో. 2019 ఎన్నికల దాకా అంతే. ఖమ్మం జిల్లా నుంచి తూర్పు గోదావరిలోకి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి కాగితాలు మారుతూ పోయాయి. భద్రాచలం పట్నం తెలంగాణలో ఉండిపోయింది. దాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక, పురుషోత్తపట్నం, గుండాల, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు పంచాయతీలు అవతలికి పోయాయి. చర్ల బస్సు ఆ ఊళ్ళ మీదుగానే దుమ్ముగూడెం వైపు పోతుంది.

ఆడవాళ్ళ సంగతిలో ఇంకో మెలిక ఉంది. ఆ చిన్నామె ఊరు ఎప్పుడు మారింది? ఒకసారి పెళ్ళప్పుడు, ఒకసారి ఆర్డినెన్సుతో. రెండుసార్లూ ఆమెనెవరూ అడగలేదు. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లోనూ స్త్రీశక్తి పేరుతో ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం మొదలైంది. మంచిదే. కానీ ఆమె సంత, ఆసుపత్రి, అక్క గడపా అన్నీ గీతకి ఇవతలే ఉన్నాయి.

తత్వశాస్త్రంలో వాగ్దానం గురించి రాసినవాళ్ళంతా ఇద్దరు సమానులు ఎదురెదురుగా నిలబడి మాట ఇచ్చి పుచ్చుకున్నట్టే రాస్తారు. ఆనెట్ బయర్ 1986లో నమ్మకం మీద రాసిన వ్యాసంలో దీన్నే పట్టుకుంది. ఒప్పందాన్ని నమూనాగా తీసుకున్న మగ తత్వవేత్తలకి అసమానుల మధ్య నమ్మకం, పసిబిడ్డకీ తల్లికీ మధ్య ఉండేలాంటిది, కనపడనే లేదంటుంది. ప్రభుత్వానికీ అడవి అంచున ఉన్న ఆడదానికీ మధ్య ఉన్నదీ అలాంటి అసమానపు నమ్మకమే. ఆమె ఒప్పుకోకపోయినా, ఓటు వెయ్యకపోయినా, ఆ మాట మీద ఆధారపడక తప్పదు. ఉమ్మడి ఖమ్మం జిల్లా పది స్థానాల్లో 2023లో బీఆర్ఎస్‌ని గెలిపించింది భద్రాచలం ఒక్కటే. అయినా కాంగ్రెస్ ఇచ్చిన హామీలు వాళ్ళకీ చెందుతాయని వాళ్ళకి తెలుసు. అది బేరం అయితే చెందకూడదు కదా.

మన కథల్లోకి వస్తే మాట నిలబెట్టుకున్న మహానుభావుడు హరిశ్చంద్రుడు. నిలబెట్టుకోవడానికి అమ్మింది చంద్రమతిని. మాటకి కట్టుబడినవాడికి కీర్తి మిగిలింది, మూల్యం ఆమె కట్టింది. కైక సంగతి ఇంకా అన్యాయం. దశరథుడు రెండు వరాలిచ్చాడు, ఆమె అప్పుడు తీసుకోలేదు, గుర్తుపెట్టుకుని తర్వాత అడిగింది. ఆమె అడిగినవాటిని నేను సమర్థించను. కానీ ఏం అడిగిందన్న దానికంటే, అసలు అడగడమే ఆమె పాపమైనట్టు మనకి చెప్పారు. ఆ మాట వల్ల అడవికొచ్చినవాళ్ళు కాపురమున్నారని చెప్పే పర్ణశాల కూడా దుమ్ముగూడెం మండలంలోనే ఉంది. ఇచ్చిన మాట గుర్తుచేసే ఆడదానికి ఇప్పటికీ ఆ పేరే. 2,500 ఏవని అడిగితే గొంతెమ్మ కోరికలంటారు. ఉచిత బస్సెక్కితే పనీపాటా లేక తిరుగుతున్నారంటారు. ఈ రెండో మాట మా యూనివర్సిటీ స్టాఫ్ రూములోనే విన్నాను, కారులో వచ్చేవాళ్ళ నోట. పనేమీ లేకుండా చెల్లెల్ని చూడ్డానికి, మొగుణ్ణి ఛార్జీ అడగకుండా, ఒక ఆడది బస్సెక్కగలగడం ఎంత పెద్ద సంగతో ఏ పట్టికలోనూ ఉండదు. నా నోటు పుస్తకంలోనూ లేదు. ఆ హామీకి నేను పెట్టిన గీత చాలా చిన్నది.

ఇంకో చిక్కు, 'కొత్త ప్రభుత్వం' అన్న మాట. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. 1986 తర్వాత అంత వరద లేదు. అప్పటి ముఖ్యమంత్రి వచ్చి చూసి, ముంపు కాలనీల వాళ్ళకి మెరక మీద శాశ్వతంగా ఇళ్ళు కట్టడానికి వెయ్యి కోట్లన్నారు. ఏడాదిన్నర లోపే ప్రభుత్వం పోయింది. ఇప్పుడు ఆ వెయ్యి కోట్ల మాట ఎవరిది? హైదరాబాదులో కూచుంటే జవాబు తేలిక, అది పాత ప్రభుత్వం తప్పు. కరకట్ట కింద ఇంట్లో బురద ఎత్తిపోసినామె మాట్లాడేటప్పుడు పార్టీల పేర్లు దొర్లవు. "సర్కారోళ్ళు ఇస్తామన్నరు" అంటుంది. అది తెలియనితనం అనుకునేదాన్ని. ఇప్పుడు ఆమే సరిగ్గా మాట్లాడుతోందనిపిస్తుంది. అప్పులూ ఆస్తులూ వారసత్వంగా తీసుకున్నవాళ్ళు మాటలు మాత్రం వదిలేసుకుంటామంటే ఎలా?

అప్పుల మాటా చెప్పుకోవాలి. 2023 డిసెంబరులోనే ప్రభుత్వం శ్వేతపత్రం పెట్టి, రాష్ట్రం అప్పు 6 లక్షల 71 వేల కోట్లు దాటిందని చూపించింది. చేతకానిదాన్ని చెయ్యలేదని నిందించకూడదన్న నియమం నేనూ ఒప్పుకుంటాను. కానీ రాష్ట్రాన్ని అప్పుల్లో ముంచారనే కదా ఎన్నికల ప్రచారమంతా చేశారు. ముందే తెలిసిన కష్టాన్ని తర్వాత సాకుగా చూపించడం నాకు నచ్చలేదు. ఆలస్యమైతే ఎందుకో, ఎప్పటికో, ఎదుటికొచ్చి చెప్పాలి. మౌనంగా ఉండిపోవడం వేరు.

ఈ అడవి ఆడవాళ్ళకి లెక్క కట్టడం రాదనుకుంటే తునికాకు కల్లానికి వెళ్ళి చూడాలి. ఎండాకాలం తెల్లారకముందే పోయి కోసిన ఆకుని యాభై ఆకులకి ఒక కట్ట చొప్పున కడతారు. కల్లేదారు కట్టలు తిప్పి చూసి చిరుగుంది, ముదురుందని పక్కన పడేస్తాడు. పక్కన పడేసినవి ఎన్నో, నిన్న ఎన్నో, పోయిన ఏడాది రేటెంతో, రావాల్సిన బోనస్ ఏ సంవత్సరానిదో ఆమెకి నోటికొచ్చు. నా నోటు పుస్తకం కంటే కచ్చితమైన పద్దు అది. తేడా ఒకటే, అందులో సగం గీతలుండవు. కట్ట తీసుకున్నట్టా లేనట్టా, అంతే.

ఆ పద్దులో ఏది ఎక్కువ కాలం నుంచీ ఉందంటే పోడు భూమి. 2006 అటవీ హక్కుల చట్టం, 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న ఆదివాసీలకి హక్కు పత్రం ఇవ్వమంది. పెళ్ళయినవాళ్ళయితే భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వమంది. ఇది ఏ పార్టీ హామీ కాదు, పార్లమెంటు మాట. 2023 జూన్ చివర్లో, ఎన్నికలు ఐదు నెలలున్నాయనగా, రాష్ట్రంలో లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాలకి పట్టాలియ్యడం మొదలైంది. ఆలస్యమైనా ఇచ్చారు, కాదనను. పత్రం రానివాళ్ళు మాత్రం ఇంకా ఉన్నారు. ఈ లెక్కలు ఎకరాల్లో వస్తాయి, లబ్ధిదారుల్లో వస్తాయి. ఎన్ని పత్రాల మీద ఆమె పేరు కూడా ఉందో చెప్పమని ఏ ప్రభుత్వాన్నీ ఎవరూ గట్టిగా అడగరు. అడిగేవాళ్ళలో నేనూ లేను మొన్నటిదాకా. సల్వాజుడుం కాలంలో, 2005 తర్వాత, ఛత్తీస్‌గఢ్ నుంచి పారిపోయి వచ్చి ఇవే అడవుల్లో గుడిసెలేసుకున్న గుత్తికోయ ఆడవాళ్ళకైతే, నెరవేరడానికీ తప్పడానికీ అసలు మాటంటూ ఏదీ లేదు.

2024 మార్చి 11న ఇందిరమ్మ ఇళ్ళ పథకం మొదలుపెట్టింది భద్రాచలంలోనే. సొంత జాగా ఉన్నవాళ్ళకి ఐదు లక్షలు, ఇల్లు ఆడవాళ్ళ పేరునే. ఇది నాకు నిజంగా సంతోషం కలిగించిన మాట. డబ్బు మాత్రం విడతలుగా, పని జరిగాక వస్తుంది. పునాది ముందు తనే లేపాలి. అంటే మాట ఇచ్చింది ప్రభుత్వం, ముందు నమ్మాల్సింది ఆమె. సంఘంలో అప్పు తెచ్చి సిమెంటు దింపుకోవాలి. పునాది దాకా డబ్బు లేనామె ఆ హామీ బయటే ఉండిపోతుంది, పథకం పక్కన నా గీత పూర్తిగా పడినా సరే.

ఇంత లెక్క అడుగుతున్నాను కాబట్టి నా లెక్కా చెప్పాలి. పీహెచ్‌డీ కోసం చర్ల వైపు ఒక గూడెంలో ఒక పెద్దామె దగ్గర పాటలు, కథలు రికార్డు చేసుకున్నాను. వారాల తరబడి ఆమె ఇంట్లో తిన్నాను. పుస్తకమయ్యాక తెచ్చి చేతిలో పెడతానన్నాను. డాక్టరేటు వచ్చింది, ఉద్యోగం వచ్చింది, ఏడేళ్ళు వెళ్ళలేదు. నాకు గైడు ఉన్నారు, గడువులున్నాయి, తర్వాత కోవిడ్ ఉంది. నా శ్వేతపత్రం కూడా పెద్దదే. ఆ బస్సు ప్రయాణం ఆమె దగ్గరికే. బైండు చేయించిన ప్రతి ఒకటి సంచిలో ఉంది.

ఆమె నన్ను నిష్ఠూరమాడలేదు. "వచ్చినవా బిడ్డా, తిను" అంది. తిన్నాక పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, "నా పేరు యాడుంది, చూపియ్యి" అంది.

పరిశోధన పద్ధతి ప్రకారం అందులో పేర్లన్నీ మార్చేశాను. ఆమె మంచికే అని ముందుమాటలో ఒక పేరా కూడా రాశాను. ఆమె పాట ఉన్న పేజీ తీసి, ఇక్కడ ఈ పేరుతో ఉన్నది నువ్వేనని చెప్పాను. ఆ పేరు తన ఆడబిడ్డదని, అదెప్పుడూ ఒక్క పాటా పాడలేదని అంది. పదో తరగతి చదివే మనవరాల్ని పిలిచింది. ఆ పిల్ల పెన్ను తెచ్చి నా అక్షరాల మీద అడ్డంగా గీత కొట్టి, పైన నాయనమ్మ పేరు రాసింది. ఇంకా పదకొండు చోట్ల ఉందన్నాను. అన్నీ చూపించమంది.