అగ్నికి మినహాయింపు

ప్రొద్దుటూరు చెంతనున్న రాజుపాలెమున ఒక గృహప్రవేశమునకు పోయి యుంటిని. నడిహాలులో ఇటుకలు పేర్చి, ఇసుక పఱచి, పురోహితుడు మోదుగ సమిధలతో హోమము సాగించుచుండగా, వంటగది మూలనున్న పిడకల పొయ్యిపై పాలు ఎంతకును పొంగకపోవుటచే, ముహూర్తము మించునను తొందరలో ఇంటి ఆడపడుచు గిన్నెను గ్యాసు పొయ్యిమీదికి మార్చెను. తప్పు జరిగినదేమోయని ఆమె బిక్కమొగముతో చూడగా పురోహితుడు నవ్వి, "పొంగినాయి కదమ్మా, ఇంక చాలు" అనెను. ఆ మాటలో ఒక ధర్మనిర్ణయ మున్నదని నాకు తోచినది.

న్యూయార్కు నగరము 2021లో 154వ స్థానిక శాసనమును చేసి, కొత్తగా కట్టు భవనములలో, పది లక్షల బీటీయూల వేడిమికి 25 కిలోలు గాని అంతకు మించి గాని బొగ్గుపులుసు వాయువును వెడలించు ఇంధనమును మండింపరాదని నిషేధించినది. ఆసుపత్రులను, దహనశాలలను, వాణిజ్యపు వంటశాలలను అవసరమును బట్టి మినహాయించినది. ఇట్టి చట్టములు వచ్చినచోట, దేవుని కొలువులోని అగ్నికి మతము పేర మినహాయింపు వలదా యను ప్రశ్న లేచుట సహజము. ఆ నగరముననే, ఫ్లషింగులో, 1977లో ప్రతిష్ఠ జరిగిన గణపతి ఆలయమున్నది. దోసెలకు పేరుపడిన క్యాంటీనును దానికున్నది. పాత కట్టడము గనుక దానికి భయము లేదు. రేపు కట్టబోవు ఆలయమునకే చిక్కు.

అగ్ని మన పెద్దలకు దేవత. ఋగ్వేదము అగ్నిసూక్తముతోనే ఆరంభమగుచున్నది. అయితే ఆ దేవతకు ఆహారమేమి? సమిధ, నెయ్యి, నువ్వులు. భూగర్భమునుండి తోడిన వాయువును ఏ గృహ్యసూత్రకారుడును ఎఱుగడు. తిరుమల పోటులో కట్టెల స్థానమున 1984లో గ్యాసు ప్రవేశించినప్పుడు లడ్డు రుచి మాఱెనని నొచ్చుకొన్న నాలుక లుండవచ్చును గాని, స్వామి నైవేద్యమును త్రోసిపుచ్చెనన్నవారు లేరు. నిన్న వచ్చిన సిలిండరును నేడు సనాతనమని వాదించు టెట్లు?

ఒక్కచోట మాత్రము నా మనస్సు తడబడును. అమెరికాలో కన్నుమూసిన తెలుగువానికి అంత్యేష్టి గ్యాసు కొలిమిలో జరుగుచున్నది. తలకొఱివి పట్టవలసిన కొడుకు గోడకున్న మీట నొక్కుచున్నాడు, వెనుకనుండి మంత్రము వినబడుచుండగా ఇనుప తలుపు మూసికొనుచున్నది. అక్కడ మండు గ్యాసే సంస్కారాగ్ని యగుచున్నది. అయినను, కట్టెనుండి గ్యాసునకు దిగివచ్చిన ఆచారము విద్యుత్తును చూచి అలుగునని నేననుకొనను. మన నగరముల విద్యుద్దహనశాలలలో కొడుకులు ఋణము తీర్చుకొనుచునే యున్నారు.

ఇంతమాత్రమున విద్యుత్తు పునీతమనియు చెప్పజాలను. మా జిల్లాలోనే ముద్దనూరు చెంతనున్న రాయలసీమ తాపవిద్యుత్కేంద్రము 1650 మెగావాట్ల సామర్థ్యముతో బొగ్గును మ్రింగుచున్నది. ఆ కరెంటుతో కాచిన పాలకు పొగవాసన తగులదు, అంతే. జమ్మలమడుగు దాటి మైలవరము వైపు పఱచిన సౌరఫలకములు ఆ లెక్కను కొంత మార్చుచున్నవి.

భవనపు గ్యాసు గొట్టముతో సంబంధము లేక, ఇంటిని వెచ్చచేయుటకు గాక, అప్పుడప్పుడు మాత్రము వాడు పరికరములను న్యూయార్కు శాసనమే విడిచిపెట్టినది. మతము పేరెత్తకయే హోమకుండమునకు చోటు మిగిలినదన్నమాట. కావున అచ్చటి ధర్మకర్తలు హోమమునకై ప్రత్యేకముగా అడుగనక్కరలేదు. క్యాంటీనుకు గ్యాసు కావలెనన్న, హోటలువారు అడిగినట్లు వంటశాలగానే అడుగవలెను. వినాయకుని సాక్ష్యమునకు పిలువరాదు.