తిరిగి ఏర్పడే రాయి, కర్మ సిద్ధాంతం

మూత్రమార్గానికి అడ్డుపడిన రాయిని శస్త్రచికిత్సతో తీసివేసిన కొన్నేళ్లకే మరొకటి ఏర్పడితే, అది పూర్వజన్మ కర్మ అనీ అనుభవించక తప్పదనీ రోగికి సర్దిచెప్పడం తెలుగు ఇళ్లలో పరిపాటి. ప్రారబ్ధం, అంటే ఇప్పటికే ఫలమివ్వడం మొదలుపెట్టిన కర్మ, అనుభవంతోనే తీరుతుందన్న సిద్ధాంతం దీనికి ఆధారం. అయితే కర్మను కాదనని ప్రాచీన వైద్యులే ఈ రోగం దగ్గర ఆ మాటతో ఆగిపోలేదు.

సుశ్రుత సంహిత చికిత్సాస్థానం 7వ అధ్యాయం అశ్మరి, అంటే మూత్రమార్గంలోని రాయి, చికిత్సను చెబుతూ, కోయకపోతే మరణం తథ్యమనీ కోస్తే బతుకు సందేహమనీ ఒప్పుకుంటుంది. ఆ సందేహాన్ని సాకుగా చేసుకోక, ప్రభువు అనుమతి పొంది పూనుకోమంటుంది. సీవని అనే మధ్యరేఖకు ఎడమవైపు యవగింజంత ఎడం విడిచి కోయాలనీ, రాయి చితికి పొడి కాకుండా జాగ్రత్తపడాలనీ, రేణువు మిగిలినా తిరిగి పెరుగుతుంది గనుక మొత్తం తీసివేయాలనీ నిర్దేశిస్తుంది. రోగం తిరగబెట్టడానికి కారణాన్ని ఆ శస్త్రవైద్యుడు ఇక్కడ రోగి పాపంలో కాక తన చేతిపనిలో వెతుక్కోవడం ఎంతో విలువైన విషయం. చరక సంహిత విమానస్థానం 3వ అధ్యాయం మరింత ముందుకు వెళ్లి, ఆయుష్షు ముందే నిశ్చయమై ఉంటే వైద్యానికే అర్థం లేదనీ, బలమైన పురుషకారం, అంటే మనిషి ప్రయత్నం, బలహీనమైన దైవాన్ని జయిస్తుందనీ వాదిస్తుంది.

నేటి వైద్యులు వీపులో చిన్న రంధ్రం చేసి గానీ, మూత్రనాళంలోకి దుర్భిణి పంపి లేజర్‌తో పగలగొట్టి గానీ రాయిని తీస్తున్నారు. అడ్డు వెనుక చీము పట్టినప్పుడు మాత్రం స్టెంట్ వేసో, వీపు నుంచి గొట్టం పెట్టో ముందు మూత్రానికి దారి చేసి, రాయి సంగతి తరువాత చూస్తారు. అయినా ఒకసారి రాయి వచ్చినవారిలో దాదాపు సగం మందికి పదేళ్లలో మళ్లీ వస్తుంది, ఎందుకంటే శస్త్రం రాయిని తీయగలదు గానీ మూత్రం చిక్కబడే స్థితిని మార్చలేదు. రోజుకు సుమారు 2.5 లీటర్ల మూత్రం వచ్చేటట్టు నీళ్లు తాగడం, ఉప్పు తగ్గించడం రోగి చేయవలసిన పురుషకారం.

అయితే ఈ ప్రయత్నం అందరికీ ఒకేలా సాధ్యపడదు. మండుటెండలో మిరప కోసే కూలీ స్త్రీ, చేనులో మూత్రానికి వెళ్లేందుకు మరుగు లేక దాహాన్ని ఓర్చుకుంటే, చెమటగా పోయిన నీరు భర్తీ కాక మూత్రం చిక్కబడుతుంది. కర్మ సిద్ధాంతాన్నే ప్రమాణంగా తీసుకున్నా ఆగామి, అంటే ఇప్పటి చేతలతో కొత్తగా చేరే కర్మ, ఒకటి ఉంది. నీరూ మరుగూ కల్పించకుండా ఆమెను పనిలో పెట్టుకున్నవారి ఉపేక్ష ఆ లెక్కలోకే వస్తుంది.